తండ్రియే గురువు: లియోపోల్డు మోజార్టు

1759వ సంవత్సరములో సాల్జ్‌బర్గు నగరమున ఒక తండ్రి ఎనిమిదేండ్ల కూతురి కొరకు ఒక స్వరపుస్తకము సిద్ధపరచెను. అందులో మిన్యుయెట్ మొదలైన నాట్యపు వరుసలు సులభమైన వానినుండి కఠినమైన వానివరకు క్రమముగా కూర్చబడినవి. ఆ బాలిక పేరు మరియా ఆన్నా. ఇంటివారు ముద్దుగా నానెర్ల్ అని పిలిచెడివారు. అక్క పాఠము వల్లించుచుండగా ప్రక్కన చేరి వినుచుండిన తమ్ముడు కొలది కాలమునకే ఆ పాఠములను తానును వాయింపసాగెను. ఆ పుస్తకములోని ఒక వరుస వద్ద తండ్రి చిన్న వ్రాత యొకటి వ్రాసి యుంచెను. 1761 జనవరి 24వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు మొదలిడి తొమ్మిదిన్నరలోపల కుమారుడు దానిని నేర్చెననియు, అప్పటికి వానికి ఐదేండ్లు నిండుటకు ఇంకను మూడు దినములు కలవనియు ఆ వ్రాత సారాంశము.

ఆ బాలుడే వుల్ఫ్‌గాంగ్ అమెడియస్ మోజార్టు. గంటలతో సహా ఆ ముచ్చటను గుర్తుపెట్టుకొనిన తండ్రి లియోపోల్డు. కుమారుని కీర్తి లోకమంతట వ్యాపించినది. తండ్రిని లోకము బిడ్డలను ఆడించి ధనము గడించినవాడనియో, మహానుభావుని తీర్చిదిద్దిన గురువనియో రెండు విధములుగా చెప్పుకొనుచున్నది. రెండింటను సత్యము కలదు. కాని అతని జీవితము ఈ రెండు మాటలలో ఇముడునది కాదు.

లియోపోల్డు 1719 నవంబరు 14వ తేదీన జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గులో జన్మించెను. తండ్రి పుస్తకములు కుట్టి అట్టలు వేయువాడు. బాలుడు చదువులో చురుకైనవాడు, చక్కగా పాడగలవాడు, పాఠశాలలో నాటకములాడి మెప్పుపొందినవాడు. ఇతడు మతాచార్యుడగునని పెద్దలు ఆశించిరి. 1737లో అతడు సాల్జ్‌బర్గు విశ్వవిద్యాలయమున చేరెను. రెండేండ్లకు తరగతులకు సరిగా రాడను కారణమున అచ్చటివారు అతనిని తొలగించిరి. అతని మనస్సప్పటికే సంగీతముపై లగ్నమై యుండెను. పెద్దల ఆశను కాదని తన దారి తాను చూచుకొనిన ఈ యువకుడే ముప్పది నలువది యేండ్ల తరువాత, కొడుకు తన మాట జవదాటెనని కుమిలిపోవలసి వచ్చెను.

సాల్జ్‌బర్గు ఆనాడు ఒక ఆర్చిబిషప్పు ఏలుబడిలో ఉండెడిది. మతపీఠమును, రాజపీఠమును ఆయనదే. 1743లో లియోపోల్డు ఆ కొలువులో నాలుగవ ఫిడేలు విద్వాంసుడుగా చేరెను. 1747లో ఆన్నా మరియా పెర్ట్ల్ అను కన్యను వివాహమాడెను. వారు గెట్రైడెగాసె అను వీధిలో ఒక వర్తకుని మేడలో మూడవ అంతస్తున కాపురముండిరి. ఆ దంపతులకు ఏడుగురు బిడ్డలు పుట్టిరి. ఐదుగురు పసితనముననే పోయిరి. మిగిలినవారు నాలుగవ కాన్పున 1751 జూలై 30న పుట్టిన నానెర్ల్, కడగొట్టు బిడ్డగా 1756 జనవరి 27న పుట్టిన వుల్ఫ్‌గాంగ్. ఆ రెండవ బిడ్డ పుట్టిన సంవత్సరముననే లియోపోల్డు ఫిడేలు శిక్షణపై రచించిన గ్రంథము వెలువడెను. అది తరువాత డచ్చి, ఫ్రెంచి భాషలలోనికి పరివర్తనము పొంది, ఆయనకు యూరపులో ఉపాధ్యాయుడుగా పేరు తెచ్చెను.

ఐదుగురిని మట్టికప్పగించిన తండ్రికి మిగిలిన ఇద్దరిలో అపూర్వమైన విద్య కనబడెను. దానిని ఆయన దైవదత్తమని నమ్మెను. తన చేతికిచ్చిన నిక్షేపమును లోకమునకు చూపవలెననియు, చూపకున్న అపరాధమగుననియు తలచెను. పిల్లలను ఆయన పాఠశాలకు పంపలేదు. సంగీతమే కాదు, చదువు, లెక్కలు, భాషలు సమస్తమును తానే నేర్పెను. క్రమముగా సొంత రచనను తగ్గించి, తుదకు దాదాపు మానివేసెను.

1762లో కుటుంబము మొదట మ్యూనిచ్‌కు, పిదప వియన్నాకు వెళ్ళెను. అక్టోబరు 13న షోన్‌బ్రున్ రాజసౌధమున మహారాణి మరియా థెరీసా ఎదుట పిల్లలు వాయించిరి. నూరు డ్యూకట్ల బంగారు నాణెములు, రాజకుటుంబపు బిడ్డలకు కుట్టించిన ఉడుపులు కానుకగా వచ్చెను. కొలది దినములకే బాలునికి ఒడలెల్ల బొబ్బలెక్కి జ్వరము తగిలెను. కీర్తి, కాసులు, జబ్బు ఈ మూడును ఒకదానివెంట ఒకటి వచ్చుట ఆ కుటుంబమునకు ఆనాటినుండి అలవాటయ్యెను.

1763 జూన్ 9న నలుగురును మహాయాత్రకు బయలుదేరిరి. అది మూడేండ్లు దాటి నడచెను. గతుకుల బాటలపై గుఱ్ఱపుబండి ప్రయాణము. మొదటి దినముననే బండిచక్రము విరిగెను. జర్మనీ సంస్థానములు, బ్రసెల్సు, పారిసు, లండను, హాలెండు చుట్టివచ్చిరి. వెర్సేల్స్‌లో పదునైదవ లూయీ, లండనులో మూడవ జార్జి వారి విద్య చూచి ఆశ్చర్యపడిరి. మీటలపై గుడ్డ కప్పి వాయింపుమనువారు కొందరు, అప్పుడే కనబడిన స్వరలిపిని వెంటనే పలికింపుమనువారు కొందరు. తండ్రి ప్రకటనలలో పిల్లల వయస్సును ఒక యేడు తగ్గించి వేయించుటయు కలదు. లండనులో జనుల ఆసక్తి సన్నగిల్లినపుడు, ప్రతిదినము మధ్యాహ్నవేళ ఒక పానశాలలో రుసుము తగ్గించి పిల్లలచే వాయింపజేసెను. రాజసభలో మొదలైన యాత్ర అంతవరకు వచ్చెను.

ఈ కచేరీలలో అక్క తమ్మునికి తోడుపాత్ర మాత్రమే కాదు. పండ్రెండేండ్ల ప్రాయమున ఆమె హార్ప్సికార్డుపై కఠినమైన రచనలను నిర్దుష్టముగా వాయించెడిది. యూరపులోని మిక్కిలి నేర్పరులలో ఆమె యొకతె అని తండ్రి 1764లో ఇంటి యజమానికి వ్రాసిన లేఖలో చెప్పుకొనెను. ఆ వేసవిలో లియోపోల్డు తీవ్రముగా జబ్బుపడగా కుటుంబము లండను సమీపమున చెల్సీలో విడిదిచేసెను. తండ్రికి విశ్రాంతి భంగమగునని పిల్లలు వాద్యమును తాకరాదు. ఆ నిశ్శబ్దములో ఎనిమిదేండ్ల వుల్ఫ్‌గాంగ్ వాద్యబృందమునకు తన మొదటి సింఫనీ రచింపగా, నానెర్ల్ ప్రక్కన కూర్చుండి ప్రతి వ్రాసెను.

1765 శరత్కాలమున హేగ్ నగరములో నానెర్ల్ విషజ్వరమున పడెను. అక్టోబరులో ఆమెకు చివరి మతసంస్కారము కూడ జరిగెను. తలిదండ్రులు ఆమె ప్రక్కన కూర్చుండి ఈ లోకము అనిత్యమని బోధించుచు సుఖమరణమునకు సిద్ధపరచుచుండిరి. ప్రక్క గదిలో తమ్ముడు వాద్యముతో ఆడుకొనుచుండెను. ఆమె బ్రతికెను. వెంటనే అతడు పడెను. అతడును బ్రతికెను. 1766 నవంబరు 29న వారు ఇల్లు చేరిరి. మరుసటి యేట వియన్నాలో మశూచి చెలరేగెను. పిల్లలకు టీకాలు వేయింపుమని మునుపు పారిసులో మిత్రులు చెప్పినను, దైవనిర్ణయమునకు విడుచుటే మేలని ఆయన నిరాకరించి యుండెను. ఇప్పుడు కుటుంబముతో ఓల్ముట్జ్‌కు పారిపోయెను. మశూచి ఇద్దరినీ వెన్నాడి పట్టెను. ఇద్దరును మరల బ్రతికిరి.

1769 డిసెంబరున తండ్రి ఇటలీకి ప్రయాణమాయెను. ఈమారు బండిలో ఇద్దరే. నానెర్ల్‌కు పదునెనిమిదేండ్లు నిండినవి. ఆమె బాలమేధావి కాదు, పెండ్లీడు వచ్చిన కన్య. ఆ కాలపు మర్యాదలో రాజాస్థాన పదవిగాని, నాటకశాలలకు సంగీతరచనగాని స్త్రీకి దక్కునవి కావు. నలుగురు తిరిగిన ప్రపంచమునకు ఇక ఇద్దరే తిరుగుదురు. తల్లియు కూతురును సాల్జ్‌బర్గులో ఉండి ఉత్తరముల కొరకు ఎదురుచూచుచుండిరి. 1770లో ఆమె తాను కట్టిన పాటనొకదానిని తమ్మునికి పంపగా అతడు మనసార మెచ్చుకొనెను. ఆమె రచనలలో ఒక్కటియు నేటికి నిలువలేదు. బిడ్డల విద్యను లోకమునకు చూపుట తన ధర్మమని నమ్మిన తండ్రి, కూతురి విషయమున ఆ ధర్మము అంతటితో ముగిసినదని భావించెను కాబోలు.

ఇటలీకి మూడు పర్యాయములు వెళ్ళివచ్చినను కుమారునికి స్థిరమైన పదవి దొరకలేదు. 1777లో కొత్త ఆర్చిబిషప్పు కొలోరెడో సెలవు నిరాకరింపగా వుల్ఫ్‌గాంగ్ కొలువు విడిచి దేశాంతరము బయలుదేరెను. తండ్రి ఉద్యోగము విడువలేడు. ఇరువది యొక్క యేండ్ల కొడుకునకు తోడుగా యాబది యారేండ్ల భార్యను పంపెను. సెప్టెంబరు 23 ఉదయమున బండి కదలెను. దుఃఖము దిగమ్రింగి మేడ యెక్కిన తండ్రికి కొడుకును ఆశీర్వదించుట మరచితినని తోచెను. కిటికీ వద్దకు పరుగెత్తి చూడగా బండి కనుమరుగై యుండెను. నానెర్ల్ ఏడ్చి యేడ్చి తలనొప్పితో మంచము పట్టెను. ఆ దినమంతయు ఇల్లు చీకటి గదివలె నుండెను.

కొడుకు మాన్‌హైమ్‌లో ఒక గాయని ప్రేమలో పడి ఆలస్యము చేయుచుండెను. తండ్రి అప్పుల లెక్కలు వ్రాసి, తన చిరిగిన దుస్తుల సంగతి వ్రాసి, పారిసుకు పొమ్మని ఆజ్ఞాపించెను. పారిసులో 1778 జూలై 3న తల్లి మరణించెను. మరణవార్తను ఒక్కసారి చెప్పలేక, కుమారుడు తండ్రికి ఆమె జబ్బు తీవ్రముగా ఉన్నదని మాత్రము వ్రాసి, నిజమును కుటుంబ మిత్రుడైన ఒక మతాచార్యునికి తెలిపి తండ్రిని సిద్ధపరపుమని వేడుకొనెను. లియోపోల్డు శోకము క్రమముగా నిష్ఠూరముగా మారెను. కొడుకు జాగ్రత్త పడియుండిన ఆమె దక్కెడిదను భావము ఆయన లేఖలలో తొంగిచూచెను. ఆమెను పంపినది తానే యను బాధ ఆ నిష్ఠూరము క్రింద దాగి యుండెననుకొనుట పొరపాటు కానేరదు.

1781లో వుల్ఫ్‌గాంగ్ ఆర్చిబిషప్పు కొలువును శాశ్వతముగా విడిచి వియన్నాలో నిలిచిపోయెను. 1782 ఆగష్టు 4న కాన్‌స్టాన్జె వెబరును పెండ్లాడెను. తండ్రి అనుమతి పెండ్లి జరిగిన మరుసటి దినము చేరెను. తండ్రి మాటలో ప్రేమ యుండెను, లెక్క యుండెను, ఆజ్ఞ యుండెను. ఈ మూడింటిని వేరుచేయుట ఆయనకు చేతకాలేదు. కొడుకు ప్రేమను ఉంచుకొని ఆజ్ఞను వదలిపెట్టెను. కూతురు మూడింటిని శిరసావహించెను.

1784లో ముప్పది మూడేండ్ల వయస్సున నానెర్ల్ రెండుసార్లు భార్యను కోల్పోయిన ఒక న్యాయాధికారిని వివాహమాడెను. అతనికి ఐదుగురు బిడ్డలు. కాపురము సెయింట్ గిల్గెన్ అను సరస్సుతీర గ్రామమున. తల్లి పుట్టిన ఇంటనే కూతురు గృహిణి యయ్యెను. యూరపు రాజసభలను చూచిన వ్రేళ్ళు సవతి బిడ్డల సంసారమునకు అంకితమయ్యెను. అయినను ఆమె వాద్యమును విడువలేదు. తండ్రి వారము వారము ఉత్తరములతోపాటు కొడుకు రచనలకు ప్రతులు చేయించి పంపుచుండెను.

1785 ఫిబ్రవరిలో లియోపోల్డు వియన్నాకు వెళ్ళెను. ఆయన దిగిన నాటి సాయంకాలముననే కొడుకు కచేరీ. డి-మైనర్ పియానో కన్‌చెర్టోకు ప్రతులు వ్రాయు లేఖకుడు తుదిక్షణము వరకు వ్రాయుచునే యుండెను. చివరి భాగమును ఒక్కసారి వాయించి చూచుకొనుటకైనను రచయితకు తీరిక దొరకలేదు. మరునాడు ఇంటికి వచ్చిన వృద్ధ విద్వాంసుడు జోసెఫ్ హైడన్, తాను ఎరిగిన స్వరకర్తలలో నీ కుమారుడే మిన్న యని దైవసాక్షిగా తండ్రితో చెప్పెను. తరువాతి దినముల మరియొక కచేరీలో వాద్యములన్నియు కలసి పలుకుట విని లియోపోల్డు కన్నీరు నిలుపుకొనలేకపోయెను. ఇరువది నాలుగేండ్ల క్రిందట తొమ్మిదిన్నర గంటలకు వ్రాసికొనిన చిన్న వ్రాతకు ఆనాడు ఫలము కనబడెను. ఏప్రిలులో ఆయన సెలవు తీసికొనెను. తండ్రికొడుకులు మరల కలియలేదు.

ఆ వేసవిలో నానెర్ల్ పుట్టింట కుమారుని ప్రసవించెను. వానికి తాత పేరే పెట్టిరి. ఆమె గ్రామమునకు తిరిగిపోయినను బిడ్డ తాత వద్దనే పెరిగెను. అరువదియారేండ్ల వృద్ధుడు ఉయ్యాల ప్రక్కన కూర్చుండి, మరియొక మోజార్టును తయారుచేయు ఆశతో పసివాని ప్రతి కదలికను కూతురికి వ్రాయుచుండెను. కాని 1786లో వుల్ఫ్‌గాంగ్, తాను విదేశయాత్ర చేయునప్పుడు తన పిల్లలను కూడ చూడుమని కోరగా నిరాకరించెను. 1787 మే 28న లియోపోల్డు కన్నుమూసెను. కొడుకు అంత్యక్రియలకు రాలేదు. నాలుగేండ్లకు, 1791 డిసెంబరు 5న, ముప్పది యైదవ యేట అతడును గతించెను.

నానెర్ల్ మాత్రము చిరకాలము జీవించెను. 1801లో భర్త పోయిన పిదప సాల్జ్‌బర్గుకు తిరిగివచ్చి, తండ్రి నేర్పిన విద్యనే పిల్లలకు నేర్పుచు కాలము గడపెను. కుమారుని చరిత్ర వ్రాయవలెనని తండ్రి దాచిన ఉత్తరముల కట్టలను ఆమె భద్రపరచెను. 1828లో వెలువడిన తమ్ముని జీవితచరిత్రకు అవియే ఆధారమయ్యెను. 1825లో ఆమెకు చూపు పోయెను. 1829 అక్టోబరు 29న డెబ్బది యెనిమిదవ యేట ఆమె మరణించెను.

ఆ స్వరపుస్తకమును ఆమె ఆజన్మము వదలలేదు. అందులో కొన్ని పత్రములు ఊడి పరుల చేతికి పోయినను, మిగిలినది సాల్జ్‌బర్గులో భద్రముగా నున్నది. అందులో తమ్ముని తొలి రచనలు కలవు గనుక లోకము దానిని చూడవచ్చును. తండ్రి దానిని కూర్చినది కూతురి కొరకు. దానిపై నేటికిని నిలిచియున్నది ఆమె పేరే.