అడిక్‌మెట్ జాగీరుదారు మహలఖా బాయి చందా

తార్నాక వైపు నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అడుగుపెట్టే విద్యార్థికి ఆర్ట్స్ కళాశాల భవనాన్ని గురించి ఎవరైనా చెబుతారు. దానికి 1934లో పునాదిరాయి వేశారనీ, 1939లో ప్రారంభోత్సవం జరిగిందనీ, అందులో హిందూ ముస్లిం శిల్పరీతులు కలిసిపోయాయనీ వివరిస్తారు. ఆ నేల అంతకుముందు ఎవరిదో చెప్పేవారు మాత్రం అరుదు. విశ్వవిద్యాలయం వెలసిన అడిక్‌మెట్ భూములు ఒకప్పుడు ఒక గాయని జాగీరులోనివి. ఆమె పేరు మహలఖా బాయి. కవితలలో పెట్టుకున్న కలంపేరు చందా. ఆమె పేరుతో ఒక మెట్లబావి ప్రాంగణంలో నేటికీ ఉన్నది.

ఆమె 1768లో జన్మించింది. తల్లి రాజ్ కున్వర్ బాయిది గుజరాత్ నుండి తరలివచ్చిన కుటుంబం. ఇంటిపెద్ద అండ పోయి బీదరికంలో పడిన ఆ కుటుంబపు స్త్రీలు ఆటపాటలే వృత్తిగా గల బృందం వెంట దక్కనుకు చేరుకున్నారు. రాజ్ కున్వర్ నిండు చూలాలుగా మౌలాలీ కొండ దర్శనానికి వెళ్ళినప్పుడు గర్భానికి ఆపద వాటిల్లబోగా, అక్కడి నుండి తెచ్చిన పవిత్రమైన దారం, సాంబ్రాణి బిడ్డను నిలిపాయని ఒక కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా, ఆ కొండపై భక్తి ఆమెను కడదాకా విడువలేదు.

కుటుంబంలోని మెహతాబ్ అనే స్త్రీకి దివాను రుక్నుద్దౌలా ఆదరణ లభించింది. చందా ఆ ఇంట పెరిగింది. గొప్ప గ్రంథాలయం, పండితులు, గుర్రాలు, ఆయుధాలు అన్నీ అందుబాటులో ఉన్న ఇల్లు అది. అందుచేత ఆమె చదువు, సంగీతం, గుర్రపు స్వారీ, విలువిద్య ఒకేసారి నేర్చుకున్నది. నిజాం అలీ ఖాన్ దండయాత్రలకు వెళ్ళినప్పుడు పురుషవేషంలో, విల్లమ్ములతో ఆమె కూడా బయలుదేరేదని చరిత్రకారులు వ్రాశారు.

ఇంతకూ ఆమె మనకు ముఖ్యమైనది విల్లు వల్ల కాదు, గళం వల్ల. ఆమె గురువు ఖుష్‌హాల్ ఖాన్ అనూప్. ఢిల్లీ దర్బారు కలావంతుల పరంపరకు చెందిన విద్వాంసుడు, రాగాలను గూర్చి గ్రంథం రచించినవాడు. ఢిల్లీ వైభవం క్షీణించిన కాలంలో ఇటువంటి విద్వాంసులు ఎందరో ఆశ్రయం వెదుక్కుంటూ దక్షిణానికి వచ్చారు. ఉత్తరాది ఖయాల్, టప్పా మన మూసీ తీరాన వినిపించడానికి అది ఒక కారణం. టప్పా అంటే మాటలు చాలా తక్కువ, స్వరాల పరుగు చాలా ఎక్కువ. గొంతు తేలికగా వంగకపోతే పాడలేరు. ఆ రెండింటిలోను, గజల్ గానంలోను ఆమె ప్రసిద్ధురాలు. తాను వ్రాసినదాన్ని తానే స్వరపరచి, తానే అభినయించి సభకు వినిపించగలగడం అన్ని కాలాలలోను అరుదు.

పాఠకులు ఒక విషయం గమనించాలి. త్యాగరాజస్వామి ఆమెకంటే ఒక్క సంవత్సరం పెద్ద. తిరువయ్యారులో ఆయన రామునికి పాడుతున్న రోజులలోనే హైదరాబాదులో ఈమె నిజాం దర్బారులో పాడుతున్నది. ఒకరి పాట ఒకరికి చేరే మార్గమే లేదు. ఆయన కృతులను శిష్యులు నోట నిలుపుకున్నారు గనుక నేటికీ వింటున్నాము. ఈమె పాటకు అటువంటి భాగ్యం కలుగలేదు.

మిగిలినది మాట. 1798లో ఆమె గజళ్ళను దీవానుగా సంకలనం చేశారు. మొత్తం 125 గజళ్ళు, ఒక్కొక్కదానిలో ఐదేసి షేర్లు. ఐదు అనే సంఖ్య ప్రవక్త కుటుంబంలోని ఐదుగురు పుణ్యమూర్తులను తలపిస్తుంది. చాలా గజళ్ళు హజ్రత్ అలీ స్మరణతోనే ముగుస్తాయి. పైన ప్రేమ, చివరన ప్రార్థన. ఉర్దూలో దీవాను కూర్చిన తొలి కవయిత్రి ఈమేనని చాలాకాలం అనుకున్నారు. లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ దీవాను కొద్దిగా ముందుదని తరువాత తేలింది. ఆ ఇమ్తియాజ్ కూడా దక్కను బిడ్డే గనుక ఇందులో మనం నొచ్చుకోవలసినది ఏమీ లేదు.

1799 అక్టోబరులో మీర్ ఆలం ఇంట జరిగిన నాట్యసభలో ఆమె తన దీవాను వ్రాతప్రతిని ఆంగ్లేయ అధికారి కాప్టెన్ మాల్కమ్‌కు బహూకరించింది. ఆ సంవత్సరమే శ్రీరంగపట్నం పతనమయింది. మాల్కమ్, మీర్ ఆలం ఇద్దరూ ఆ యుద్ధం నుండి వచ్చినవారే. అటువంటి సభలో నర్తకి నుండి నృత్యాన్ని మాత్రమే ఆశించిన అతిథి చేతిలో ఆమె పుస్తకం ఉంచింది. తాను ఎవరో ఇంతకంటే స్పష్టంగా ఆమె చెప్పనక్కరలేదు. ఆ ప్రతి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది.

పుట్టినప్పుడు పెట్టిన పేరు చందా బీబీ. మహలఖా అనేది నిజాం 1802 ప్రాంతంలో ఇచ్చిన బిరుదు. మాహ్ అంటే చంద్రుడు, లఖా అంటే ముఖం. తెలుగులో చెప్పాలంటే చంద్రముఖి. దర్బారులో ఉమరాల వరుసలో స్థానం, జాగీరులు, వెంట నూరుమంది సిపాయిలు ఆమెకు లభించాయి. గులాం హుస్సేన్ జౌహర్ చేత దక్కను చరిత్ర వ్రాయించింది. ఆ గ్రంథానికి ఆమె పేరు మీదనే మాహ్‌నామా అన్న పేరు వచ్చింది. రాజులు చరిత్రలు వ్రాయించుకున్నారు, మంత్రులు వ్రాయించుకున్నారు. గాయని వ్రాయించడం విశేషం కాదా!

ఆమె వృత్తిని కప్పిపుచ్చి కవయిత్రి అని మాత్రమే చెప్పే వ్యాసాలున్నవి. ఆడపిల్లలు చదివే పత్రిక గదా అనే సంకోచం కాబోలు. ఆమె తవాయఫ్. ఆ వృత్తిలో ఉన్నందువల్లనే ఆ కాలపు గృహిణులకు దక్కని చదువు, ఆస్తి, సభలో మాట ఆమెకు దక్కాయి. అందుకు ఆమె చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. పెద్దల ప్రాపు లేనిదే ఆ ఇల్లు నిలవదు. తంజావూరులో ముద్దుపళని కావ్యానికి ఏమి జరిగిందో తెలుగు విద్యార్థులకు తెలుసు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని యథాతథంగా అచ్చువేయిస్తే ఆంగ్ల ప్రభుత్వం నిషేధించింది. అదే నాగరత్నమ్మ తన సొంత సొమ్ముతో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించినప్పుడు మాత్రం ఎవరూ కాదనలేదు. దానం స్వీకరించి పేరును దాచడం మనకు అలవాటైన పని.

మహలఖా బాయి దానాలకు లెక్కలేదంటారు. తల్లి 1792లో మరణించగా మౌలాలీ కొండ పాదాన తోట నాటించి, అందులో సమాధి కట్టించింది. మౌలాలీ ఉర్సుకు ఏటా భక్తితో వచ్చేది. 1824లో కన్నుమూసి తల్లి పక్కనే విశ్రమించింది. తన ఆస్తిలో దిక్కులేని స్త్రీలకు భాగం ఉంచినట్లు చెబుతారు. గుల్జారె మహలఖా పేరుతో ఆమె గజళ్ళు ఆ తరువాతనే వెలువడ్డాయి.

తోట చాలా ఏళ్ళు ముళ్ళపొదలతో నిండి ఉండేది. 2010, 2011 సంవత్సరాలలో అమెరికా ప్రభుత్వ నిధులతో దానిని బాగుచేశారు. మన ఊరి గాయని సమాధికి సున్నం వేయడానికి సముద్రాల అవతలి సొమ్ము రావలసి వచ్చింది.

గ్రామఫోను యంత్రం ముందు గౌహర్ జాన్ పాడినది 1902లో. అప్పటికి మహలఖా బాయి పోయి 78 సంవత్సరాలు. ఆ మధ్యకాలంలో ఎందరు గాయనుల కంఠాలు ఇలాగే మాయమైనవో! ఆమె గజళ్ళను నేటి గాయకులు తమ తమ బాణీలలో పాడుతూనే ఉన్నారు. వినదలచినవారు ముందు ఐదు షేర్ల గజల్ ఒకటి తీసుకొని, పైకి గట్టిగా చదువుకొని, ఆ తరువాత ఎవరైనా విద్వాంసుడు పాడిన టప్పాను వినాలి. ఆ రెండూ ఒకే కంఠంలో ఎలా ఇమిడి ఉండేవో ఊహించుకోవడం కష్టమే గాని, అడిక్‌మెట్ నేలపై చదివే విద్యార్థులకు ఆ పాటి కష్టం భారం కాదు.