వేతనాలకై సర్వస్వం తాకట్టు పెట్టిన దొరాబ్జీ టాటా

జంషెడ్‌పూర్‌లోని ఉక్కు కర్మాగారం నుంచి 1924లో బొంబాయిలోని టాటా కార్యాలయానికి ఒక తంతి అందింది. కార్మికుల వేతనాలకు డబ్బు లేదన్నది దాని సారాంశం. కంపెనీ అధ్యక్షుడు సర్ దొరాబ్జీ టాటా వ్యక్తిగత ఆస్తినంతటినీ ఇంపీరియల్ బ్యాంకుకు తాకట్టు పెట్టి కోటి రూపాయల రుణం తెచ్చారు. భార్య మెహర్‌బాయి ఆభరణాలతోపాటు, బరువులో కోహినూరుకు రెట్టింపును మించిన 245 క్యారెట్ల జూబిలీ వజ్రం కూడా ఆ తాకట్టులో చేరింది.

జంషెట్జీ టాటా పెద్ద కుమారుడైన దొరాబ్జీ 1859 ఆగస్టు 27న బొంబాయిలో జన్మించారు. కేంబ్రిడ్జిలో కొంతకాలం చదివి, 1882లో బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో పట్టభద్రులయ్యారు. రెండేళ్లపాటు బొంబాయి గెజెట్ పత్రికలో పనిచేసి, ఆపై తండ్రి వ్యాపారంలో ప్రవేశించారు.

స్వదేశీ ఉక్కు పరిశ్రమను చూడకుండానే జంషెట్జీ 1904లో కన్నుమూశారు. మయూర్‌భంజ్‌లో ఇనుప ఖనిజం ఉన్నదని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ అదే సంవత్సరం తెలియజేశారు. 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడింది. లండన్ మదుపుదారులు వెనుకంజ వేయగా, సుమారు 8 వేల మంది భారతీయులు మూడు వారాల్లో మూలధనం సమకూర్చారు. నేటి జార్ఖండ్‌లోని సాక్చి గ్రామం వద్ద 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమైంది. ఆ ఊరికి 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో కర్మాగారపు పట్టాలు మెసొపొటేమియా వరకు వెళ్లాయి. యుద్ధానంతరం పరిస్థితి తలకిందులైంది. విస్తరణ వ్యయం పెరిగింది, చౌక విదేశీ ఉక్కు మార్కెట్టును ముంచెత్తింది. కంపెనీ దుక్క ఇనుమును అధికంగా కొనే జపాన్‌ను 1923 భూకంపం దెబ్బతీసింది. తాకట్టు రుణం కర్మాగారాన్ని తక్షణ గండం నుంచి గట్టెక్కించగా, 1924లోనే ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం అమలులోకి వచ్చి దిగుమతి సుంకాల అండ లభించింది.

మెహర్‌బాయి 1931లో రక్త కేన్సర్‌తో మరణించారు. సంతానం లేని దొరాబ్జీ మరుసటి ఏడాది తన సంపదనంతా ధర్మనిధికి రాసి, 1932 జూన్ 3న జర్మనీలో తుదిశ్వాస విడిచారు. అనంతరం జూబిలీ వజ్రాన్ని విక్రయించగా వచ్చిన సొమ్ము ఆ నిధికే చేరింది. ఆ నిధితోనే 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వెలిసింది.