వీరాస్వామయ్యగారి దారిలెక్క

హైదరాబాదు నగరమునకు దక్షిణమున, శంషాబాదునకు పోవు బాటలో గగన్‌పహాడ్ అను గ్రామము కలదు. పహాడ్ అనగా కొండ; పేరులోనే మెరక యున్నది. 2008లో శంషాబాదున విమానాశ్రయము నెలకొనిన పిదప ఈ బాట రూపు పూర్తిగా మారినది. అయినను ఇచ్చటి నుండి సైకిలుపై బయలుదేరి, మిట్టపల్లములు గల పల్లెలను చుట్టి, మరల ఇల్లు చేరదలచు విద్యార్థికి పాతకాలపు ప్రశ్నలే ఎదురగును. ఎక్కుడు ఎక్కడ? మంచినీరు ఎక్కడ? ఎండ ముదరకముందు చేరదగిన మజిలీ ఏది? పోయిన దారినే మరలుటయా, వేరొక దారిన చుట్టివచ్చుటయా? ఆల్ప్స్ పర్వతముల దిగువనున్న పల్లెలలో సైకిలు యాత్ర చేయువారికిని ఇవియే ప్రశ్నలు. వీనిని ఇంచుమించు రెండువందల యేండ్ల క్రిందట తెలుగున శ్రద్ధగా విచారించి వ్రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరు 1780 ప్రాంతమున జన్మించిరి. పసితనముననే తండ్రిని కోల్పోయిరి. స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి, చిన్న వయస్సుననే కొలువులో ప్రవేశించి, క్రమముగా చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరు పదవి నందిరి. ఒకరి మాటను మరియొకరికి లోపము లేకుండ చేరవేయుట ఆ యుద్యోగధర్మము. కోర్టున ఒక్క మాట తప్పినచో ఒకని ఆస్తియో ప్రాణమో తారుమారు కావచ్చును. చూచినది చూచినట్లు చెప్పు ఆ యలవాటే తరువాత వారి యాత్రారచనకు ప్రాణమైనది.

1830 మే 18వ తేదీ రాత్రి వీరు చెన్నపట్టణము నుండి కాశీయాత్రకు బయలుదేరిరి. అప్పటికి మన దేశమున రైలు లేదు. పల్లకీలు, బోయీలు, కావళ్లు, గుడారములు, బంధువులు, పరిచారకులు కలిసి సుమారు నూరుమంది పరివారము. ఒంటరి బాటసారి ఆకలితో ఒక రాత్రి గడపగలడు. నూరుమందిని నడిపించువానికి ఆ స్వేచ్ఛ లేదు. మజిలీ యెంపికలో పొరపాటు జరిగినచో ముందుగా బాధపడువారు బరువు మోయు బోయీలు. కావుననే వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీకిని దూరమును ఆమడలలో లెక్కించిరి. ఊరిలో అంగళ్లు కలవా, దిగుటకు చోటున్నదా, నీరు మంచిదా, బాట ఇసుకయా, రాళ్లా, అడవియా అని గుర్తించిరి. పటముపై గీత సూటిగా నుండవచ్చును. కాని దారిని నిర్ణయించునది నీరు, నీడ, రేవు.

తిరుపతి, కడప, అహోబిలములు దాటి వీరు నల్లమల కొండలు ఎక్కి శ్రీశైలమును దర్శించిరి. యాత్రలో కఠినమైన ఘట్టములలో ఇది యొకటి. అప్పుడా ప్రాంతము కర్నూలు నవాబు ఏలుబడిలోనిది. అటుపిమ్మట కృష్ణను దాటి, వనపర్తి, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరిరి. జడచర్ల నుండి నేడు నగరమునకు వచ్చు రహదారి శంషాబాదు, గగన్‌పహాడ్‌ల ప్రక్కగానే సాగుచున్నది. అప్పుడు నైజాము నాసిరుద్దౌలా; రాజ్యవ్యవహారములు నడుపుచున్నవారు చందూలాలు. వీరాస్వామయ్యగారు దేవాలయములను మాత్రమే చూచి పోలేదు. సుంకములు, జమీందారుల కలహములు, పల్లెల స్థితి, ధరలు, జనుల యాచారములు అన్నియు పరిశీలించిరి.

హైదరాబాదు నుండి నిర్మల, నాగపూరు, జబ్బల్‌పూరు, మిర్జాపూరు మీదుగా ప్రయాగకు, అచ్చటి నుండి కాశికి చేరిరి. తిరుగుప్రయాణమునకు మాత్రము పోయిన దారిని ఎన్నుకొనలేదు. కొంత దూరము గంగపై పడవలలో సాగి, గయను సేవించి, కలకత్తా చూచి, పూరీ జగన్నాథము మీదుగా సముద్రతీరపు బాట పట్టిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు దాటి 1831 సెప్టెంబరు 3వ తేదీన చెన్నపట్టణము చేరిరి. పదునైదు నెలలకు పైబడిన యాత్ర. పోవుట మెట్టదారిని, వచ్చుట తీరపుదారిని. అందువలన ఒకే ప్రయాణమున రెండు దేశస్వరూపములు వారికి గోచరించినవి. చుట్టుదారి యొక్క ప్రయోజన మిదియే.

దారి పొడవునను వీరు తమ మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి లేఖలు వ్రాయుచు వచ్చిరి. ఆ లేఖలే కాశీయాత్రచరిత్రగా రూపొందినవి. తరువాత అదే దారిని పోవువానికి అక్కరకు రావలెనను తలంపు ఆ రచనలో అడుగడుగున కనబడును. పండితుల మెప్పునకై బిగించిన భాష కాదది. ఆనాటి వాడుక మాటలతో కూడిన వచనము. తెలుగు యాత్రాసాహిత్యమునకు అది తొలిమెట్లలో నొకటి.

వీరాస్వామయ్యగారు 1836లో స్వర్గస్థులైరి. శ్రీనివాసపిళ్లగారు గ్రంథమును 1838లో అచ్చువేయించిరి. తమ దారిలెక్క అచ్చులో చూచు భాగ్యము గ్రంథకర్తకు కలుగలేదు. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించుటచే మన తరములకు అందినది.

ఉపాధ్యాయులు ఈ యాత్రను పటముపై విద్యార్థులచే గీయించినచో భూగోళము, చరిత్ర, భాష మూడును ఒక్క పాఠముననే అబ్బును. పిదప వారివారి యూరి చుట్టును ఒక చిన్న దారిని గీయించి, అందు చెరువును, చెట్టును, ఎక్కుడును, అంగడిని గుర్తింపజేయవలెను. తాను పోవు దారిని ఇతరునికి పనికివచ్చునట్లు వ్రాయుట యెంత కష్టమో, ఎంత మేలో అప్పుడు వారికే తెలియును.