బారిస్టరు విద్యార్థి గాంధీజీ

విద్యార్థి దశలో ప్రతి యువకుణ్ణీ రెండు ఆకర్షణలు తమ వైపు లాగుతూ ఉంటాయి. ఒకటి పుస్తకం, రెండవది లోకం. పుస్తకానికే అంకితమై లోకాన్ని విస్మరించినవాడు ఏకాకిగా మిగులుతాడు. లోకవ్యవహారంలో మునిగి పుస్తకాన్ని మరచినవాడు లక్ష్యాన్ని పోగొట్టుకొంటాడు. 19వ శతాబ్ది చివర లండన్ నగరంలో న్యాయశాస్త్రం అభ్యసించిన ఒక భారతీయ యువకుడికి కూడా ఈ చిక్కు ఎదురైంది. ఆయన తొలుత పొరపాటు చేసి, తరువాత తనంతట తానే దానిని దిద్దుకొన్నారు. ఆయనే మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

గాంధీజీ 1869 అక్టోబర్ 2న గుజరాత్ ప్రాంతంలోని పోరుబందరులో జన్మించారు. 1885లో తండ్రి మరణించారు. 1887లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులై భావనగర్‌లోని సామల్‌దాస్ కళాశాలలో చేరారు గాని, అక్కడి పాఠాలు అంతుపట్టక కొద్ది నెలలకే ఇంటికి తిరిగి వచ్చారు. అప్పుడు కుటుంబ మిత్రుడైన మావ్‌జీ దవే ఇంగ్లండుకు వెళ్లి బారిస్టరు చదవమని సలహా ఇచ్చాడు. అన్నగారైన లక్ష్మీదాస్ ధనం సమకూర్చడానికి పూనుకొన్నారు. పరదేశంలో కుమారుడు దారి తప్పుతాడేమోనని తల్లి పుత్లీబాయి భయపడింది. మద్యం, మాంసం, పరస్త్రీ సాంగత్యం విడిచి ఉంటానని గాంధీజీ ఆమెకు ప్రమాణం చేశారు. సముద్రయానం ధర్మవిరుద్ధమని బొంబాయిలోని కులపెద్దలు ఆయనను వెలివేశారు. అయినా వెనుదీయక, భార్యను, పసిబిడ్డను స్వదేశంలో విడిచి 1888 సెప్టెంబర్ 4న ఓడ ఎక్కారు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిదేళ్లు నిండలేదు. అన్నగారి సొమ్ము, తల్లికిచ్చిన మాట, ఈ రెండు బరువులూ ఆయన భుజాలపై ఉన్నాయి.

లండన్ చేరిన గాంధీజీ 1888 నవంబరులో ఇన్నర్ టెంపుల్ అనే న్యాయవిద్యా సంస్థలో చేరారు. ఆనాటి బారిస్టరు చదువు చాలా విచిత్రమైనది. అభ్యర్థి పరీక్షలలో ఉత్తీర్ణుడైతే చాలదు, పన్నెండు టర్ములు పూర్తి చేయాలి. ప్రతి టర్ములోను ఆ సంస్థలో జరిగే సుమారు ఇరవై నాలుగు విందులలో కనీసం ఆరింటికి హాజరు కావాలి. నేర్చుకొనే విద్యార్థులు పెద్ద న్యాయవాదుల సరసన కూర్చొని సభామర్యాదలు, సంభాషణా చాతుర్యం అలవరచుకోవాలనే సదుద్దేశంతో పూర్వం ఏర్పడిన ఆచారమిది. కాలక్రమంలో ఆ ప్రయోజనం అడుగంటి విందు మాత్రమే మిగిలింది. నలుగురు కూర్చొనే బల్లకు రెండు సీసాల ద్రాక్షసారాయి ఇచ్చేవారు. గాంధీజీ దానిని ముట్టరు కనుక ఆయనను తమ బల్ల వద్ద కూర్చోబెట్టుకోవడానికి తోటివారు పోటీ పడేవారు. రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు వంటి కొద్దిపాటి శాకాహారంతోనే ఆయన ఆ విందులను ముగించేవారు.

పరీక్షలు కూడా అంత కఠినమైనవి కావు. అందువల్ల విద్యార్థుల చేతిలో కావలసినంత తీరిక ఉండేది. ఆ తీరికే గాంధీజీని తొలి రోజులలో పెడదారి పట్టించబోయింది. మాంసాహారం ముట్టని తాను అక్కడి సమాజానికి వెలితిగా కనిపిస్తున్నానని ఆయన భావించారు. మర్యాదలు నేర్చి ఆంగ్లేయ పెద్దమనిషిగా మారితే ఆ లోటు తీరుతుందనుకొన్నారు. బాండ్ స్ట్రీటులో పది పౌన్లు పెట్టి విందు దుస్తులు కుట్టించుకొన్నారు. పందొమ్మిది షిల్లింగులతో ఎత్తైన టోపీ కొన్నారు. అన్నగారికి వ్రాసి బంగారు గడియారపు గొలుసు తెప్పించుకొన్నారు. ప్రతిదినం నిలువుటద్దం ముందు నిలబడి టై సవరించుకోవడానికి, పాపిడి తీసుకోవడానికి పది నిమిషాలు వెచ్చించేవారు. మూడు పౌన్లు చెల్లించి నాట్యశిక్షణలో చేరారు గాని, పాదాలు తాళానికి లొంగలేదు. సంగీతంలో చెవి కుదురుతుందని మరో మూడు పౌన్లతో ఫిడేలు కొన్నారు. వక్తృత్వం నేర్పే గురువుకు ఒక గినీ సమర్పించారు.

ఈ వ్యామోహం సుమారు మూడు నెలలు సాగింది. ఒకనాడు ఆయన అంతరంగంలో ప్రశ్న ఉదయించింది. తాను జీవితమంతా ఇంగ్లండులో ఉండబోవడం లేదు. అలాంటప్పుడు ఈ నాట్యంతో, ఈ ఫిడేలుతో తనకేమి పని? తాను విద్యార్థి. విద్యార్జనే తన కర్తవ్యం. ఇట్లా నిశ్చయించుకొని వక్తృత్వ గురువుకు లేఖ వ్రాసి ఆ పాఠాలు మానుకొన్నారు. నాట్యశిక్షణకు స్వస్తి పలికారు. ఫిడేలు నేర్పే ఉపాధ్యాయురాలిని స్వయంగా కలుసుకొని, వచ్చిన ధరకు వాద్యాన్ని అమ్మిపెట్టమని కోరారు. ఆమె ఆయన నిర్ణయాన్ని మెచ్చుకొని ప్రోత్సహించింది.

ఆ వేలంవెర్రి రోజులలో కూడా గాంధీజీ ఒక మంచి అలవాటును విడువలేదు. ఖర్చు చేసిన ప్రతి పైసాకు పద్దు వ్రాసుకొనేవారు. రాత్రి నిద్రించే ముందు నిల్వ సరిచూసుకొనేవారు. ఆ పద్దులే ఆయనకు కనువిప్పు కలిగించాయి. స్నేహితుల ఇళ్లకు రాకపోకలు, బండి ఛార్జీలు ఎంత సొమ్మును హరిస్తున్నాయో లెక్కలలో తేటతెల్లమైంది. వెంటనే ఖర్చు సగానికి తగ్గించడానికి పూనుకొన్నారు. చదువుకు దగ్గరగా, నడచి వెళ్లడానికి వీలైన చోట గది తీసుకొన్నారు. రోజుకు ఎనిమిది, పది మైళ్లు నడవడం వల్ల ఆరోగ్యం కూడా చేకూరింది. తరువాత ఒకే గదిలో ఉంటూ, ఉదయం ఓట్స్ జావ, కోకో స్వయంగా కాచుకొంటూ, ఆహారానికి దినమొక్కంటికి ఒక షిల్లింగు మూడు పెన్నీలతో సరిపెట్టుకొన్నారు.

డబ్బుకు లెక్క చూసుకొన్న మనిషి కాలానికి కూడా లెక్క చూసుకోవడం ఆరంభించారు. బారిస్టరు చదువు మిగిల్చిన తీరికను వినియోగించుకోవాలని లండన్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధమయ్యారు. నిమిషాలతో సహా దినచర్యను విభజించుకొని లాటిన్, ఫ్రెంచి భాషలు అభ్యసించారు. మొదటిసారి లాటిన్‌లో తప్పారు. నిరుత్సాహపడక తిరిగి చదివి 1890లో ఉత్తీర్ణులయ్యారు. తోటి విద్యార్థులలో పలువురు చిన్న చిన్న సంగ్రహాలతో గట్టెక్కుతుండగా, ఆయన మాత్రం మూలగ్రంథాలనే చదివారు. రోమన్ న్యాయశాస్త్రాన్ని లాటిన్‌లోనే పఠించారు. ఇంగ్లండు సామాన్య న్యాయశాస్త్రానికి తొమ్మిది నెలలు కష్టపడ్డారు.

అట్లని గాంధీజీ సమాజానికి దూరం కాలేదు. తన నియమాలకు అనుకూలమైన సాంగత్యాన్ని ఎన్నుకొన్నారు. ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాల ఆయన కంటపడింది. అక్కడ కొన్న హెన్రీ సాల్ట్ గ్రంథం చదివిన తరువాత శాకాహారం ఆయనకు తల్లికిచ్చిన మాటగానే కాక స్వంత విశ్వాసంగా కూడా మారింది. లండన్ శాకాహార సంఘంలో చేరి, దాని కార్యవర్గ సభ్యులయ్యారు. తాము నివసించే బేస్‌వాటర్ ప్రాంతంలో ఒక చిన్న శాకాహార సంఘాన్ని స్థాపించి దానికి కార్యదర్శిగా పనిచేశారు. ఇద్దరు దివ్యజ్ఞాన సమాజ సోదరుల ప్రేరణతో భగవద్గీతను మొదటిసారిగా చదివినది కూడా లండన్‌లోనే. నలుగురిలో నోరు విప్పలేని బిడియం మాత్రం ఆయనను వీడలేదు.

1891 జూన్ 10న గాంధీజీ బారిస్టరు పట్టా పొందారు. 11న హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, 12న స్వదేశానికి బయలుదేరారు. తీరం చేరిన ఆయనకు దుర్వార్త ఎదురైంది. తల్లి మరణించింది. పరదేశంలో ఉన్న కుమారుడికి ఆ వార్త తెలిస్తే తట్టుకోలేడని అన్నగారు దాచి ఉంచారు. మాట నిలబెట్టుకొని వచ్చిన కుమారుణ్ణి చూసే భాగ్యం ఆ తల్లికి దక్కలేదు.

పట్టా చేతికి వచ్చినా సమర్థత వెంటనే రాలేదు. బొంబాయిలో చేపట్టిన తొలి కేసులో సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోట మాట రాక కూర్చుండిపోయారు. ఆ కేసును మరొకరికి అప్పగించారు. తిన్న విందులు, కుట్టించుకొన్న దుస్తులు ఆనాడు అక్కరకు రాలేదు. కాని 1893లో దక్షిణాఫ్రికా వెళ్లినప్పుడు, అక్కడి చట్టాలకు పునాది అయిన రోమన్ న్యాయశాస్త్ర పరిజ్ఞానం ఆయనకు అండగా నిలిచింది. విద్యార్థిగా అలవరచుకొన్న లెక్కల క్రమశిక్షణ ప్రజా ఉద్యమాలలో మరింత ఉపకరించింది. ప్రజల సొమ్ము లక్షలలో చేతులు మారినా ఆయన నడిపిన ఉద్యమాలు అప్పులపాలు కాలేదు.

1948 జనవరి 30న అస్తమించిన ఆ మహనీయుని జీవితంలో లండన్‌లో గడిపిన కాలం మూడేళ్లు కూడా నిండదు. అయినా విద్యార్థులకు అది విలువైన పాఠం. ఆయన విద్యార్థిగా పొరపాటు చేయలేదని కాదు, చేసిన పొరపాటును మూడు నెలలలో గుర్తించారు. స్నేహాలను త్యజించలేదు, యోగ్యమైన వాటిని ఎన్నుకొన్నారు. తన చదువుకు పెట్టుబడి మరొకరి కష్టార్జితమని గుర్తుంచుకొన్న విద్యార్థి, చేతిలోని పైసాకు, గడిచే గడియకు తనకు తానే జవాబు చెప్పుకోగలడు. గాంధీజీ పద్దుల పుస్తకం నేర్పే నీతి ఇదే.