సర్వాయి పాపన్న

సర్వాయి పాపన్న (మరణం: 1710) పదిహేడవ శతాబ్దపు చివరి సంవత్సరాలలోను, పద్దెనిమిదవ శతాబ్దపు తొలి దశకంలోను తెలంగాణలో మొగలు అధికారాన్ని ఎదిరించిన నాయకుడు. ఇతడు సొంతంగా కోటలు కట్టుకొని, సేనను సమకూర్చుకొని, 1708లో ఓరుగల్లును, భువనగిరిని కొల్లగొట్టాడు. పుట్టింది కల్లుగీత వృత్తిగా గల గౌడ కుటుంబంలో. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ ఇతనిని దారిదోపిడీ దొంగగా వర్ణించాడు. తెలంగాణ పల్లెలలో పాడుకొనే గాథలు మాత్రం వీరునిగా కీర్తించాయి. పర్షియన్ రచనలలో పాప్రా అనీ, జానపద గాథలలో సర్వాయి పాపడు అనీ కనిపించే ఇతడు నేడు సర్దార్ సర్వాయి పాపన్న గౌడ్ అనే పేరుతో ప్రసిద్ధుడు.

జననం, కుటుంబం

స్థానిక సంప్రదాయం ప్రకారం పాపన్న 1650 ఆగష్టు 18న ఖిలాషాపురంలో జన్మించాడు. ఈ గ్రామం ప్రస్తుతం జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలో ఉంది. తల్లి పేరు సర్వమ్మ. తండ్రి చిన్నతనంలోనే మరణించగా తల్లి పెంపకంలో పెరిగాడని చెబుతారు. పర్షియన్ ఆధారాలు ఇతని స్వగ్రామాన్ని తరికొండ అని పేర్కొన్నాయి. ఇది ఓరుగల్లుకు నైరుతి దిశలో ఉన్న నేటి తాటికొండ. పేరులోనే తాటిచెట్టు ఉన్న ఈ ఊరు ఇతని జీవితంలో మొదట్లోను, చివరిలోను ముఖ్యపాత్ర వహించింది.

కల్లుగీత వృత్తి

పాపన్న జీవితాన్ని అర్థం చేసుకోవడానికి అతడు పుట్టిన వృత్తిని గురించి కొంత తెలుసుకోవాలి. గీత కార్మికుడు మోకు, ముస్తాదు సహాయంతో చెట్టెక్కి, తాటిగెల కొసను రోజూ పలుచగా చెక్కి, దానికి లొట్టి కడతాడు. ఈతచెట్టుకైతే మొవ్వు దగ్గర కాండాన్ని చెక్కుతాడు. కారిన రసంలో చక్కెర సహజంగానే ఉంటుంది. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్టు ఆ చక్కెరను కొద్ది గంటల్లోనే మద్యసారంగా మారుస్తుంది. పులియని రసాన్ని నీరా అంటారు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియడం ఆగుతుంది.

ఐరోపా దేశాలలో ఇళ్ళలో తయారుచేసుకొనే బీరుతో పోల్చి చూస్తే ఈ వృత్తి ప్రత్యేకత తెలుస్తుంది. బీరుకు బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, వాటిలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవాలి. ఆ రసాన్ని మరిగించి, హాప్స్ అనే తీగమొక్క పూలను వేసి, చల్లారిన తరువాత ఈస్టు కలపాలి. పెరటి పందిరి మీద పాకించుకోగల ఈ హాప్స్ పూలు బీరుకు చేదు రుచిని ఇవ్వడమే గాక, పులుపెక్కించే సూక్ష్మజీవులను అడ్డుకొని బీరు త్వరగా చెడిపోకుండా కాపాడతాయి. కల్లుకు మొలకెత్తించడం, మరిగించడం అవసరం లేదు. కాని హాప్స్ వంటి రక్షణ కూడా లేదు. ఉదయం తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పులిసి వినిగర్ వైపు మళ్ళుతుంది.

నిలువ ఉండని సరుకు కాబట్టి కల్లును గీసిన చోటికి దగ్గరలో, గీసిన రోజే అమ్ముకోవాలి. అందువలన గీత కార్మికుడు తన ఊరిని, తన చెట్లను విడిచి దూరం పోలేడు. చెట్టును దాచడం కుదరదు గనుక పన్ను వసూలుచేసేవారికి అతడు సులభంగా దొరుకుతాడు. పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యాన్ని సందర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, హైదరాబాదు నగరానికి రోజూ ఐదారు వందల గుర్రాల మీద తోలుతిత్తులలో కల్లు పరుగుపరుగున చేరేదనీ, దానిపై పన్ను రూపంలో సుల్తానుకు మంచి ఆదాయం వచ్చేదనీ వ్రాశాడు. ఆ తొందరకు కారణం కల్లు నిలువ ఉండకపోవడమే.

తొలి తిరుగుబాటు

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించడంతో తెలంగాణ మొగలుల వశమైంది. కొత్త పాలకుల పట్టు నగరాలలోను, ప్రధాన కోటలలోను ఉన్నంతగా పల్లెలలో లేదు. ఇటువంటి కాలంలో పాపన్న కులవృత్తిని వదిలిపెట్టాడు. ఖాఫీ ఖాన్ కథనం ప్రకారం ఇతడు మొదట ధనవంతురాలూ, వితంతువూ అయిన తన సోదరిని హింసించి, ఆమె ధనాన్ని, నగలను లాక్కొన్నాడు. ఆ సొమ్ముతో మనుషులను చేర్చుకొని తాటికొండ గుట్టమీద చిన్న కోట కట్టి, ఓరుగల్లు, హైదరాబాదుల మధ్య ప్రయాణించే వర్తకులను దోచుకోసాగాడు. చుట్టుపక్కల ఫౌజుదారులు, జమీందారులు కలిసి ఇతనిని అక్కడినుండి తరిమివేశారు.

కౌలాస్ లో ఆశ్రయం

తాటికొండను విడిచిన పాపన్న పశ్చిమంగా వంద మైళ్ళకు పైగా ప్రయాణించి కౌలాస్ చేరాడు. కౌలాస్ కోట పూర్వపు నిజామాబాదు జిల్లాలో, బోధన్ కు నైరుతి దిశలో ఉంది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఇది కామారెడ్డి జిల్లాలో చేరింది. అక్కడి జమీందారు వెంకటరావు వద్ద పాపన్న కొంతకాలం సైనిక దళ నాయకునిగా పనిచేశాడు. కాని త్వరలోనే మళ్ళీ దారిదోపిడీలకు దిగడంతో వెంకటరావు ఇతనిని, ఇతని సహచరుడు సర్వాను చెరసాలలో వేయించాడు. కొన్ని నెలల తరువాత జమీందారు కుమారుడు జబ్బుపడ్డాడు. ఖైదీలను విడిచిపెడితే ఆ పుణ్యం వలన బిడ్డ కోలుకుంటాడని నమ్మి, జమీందారు భార్య చెరసాలలోని వారందరినీ విడుదల చేయించింది. పాపన్న తరువాతి జీవితమంతా ఆ తల్లి మొక్కు వలన లభించినదే.

షాపురం కోట

విడుదలైన పాపన్న తన స్వస్థలానికి సమీపంలోని షాపురం చేరి సర్వాతో కలిసి మరొక కోట కట్టాడు. ఇదే నేటి ఖిలాషాపురం. ఇతనిని అణచడానికి హైదరాబాదు ఉపపాలకుడు రుస్తుం దిల్ ఖాన్ పంపిన కొలనుపాక ఫౌజుదారు కాసిం ఖాన్ యుద్ధంలో మరణించాడు. తరువాత రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా ముట్టడించగా పాపన్న, సర్వా తప్పించుకొన్నారు. మొగలు సేన కోటను పేల్చివేసి వెళ్ళిపోయింది. పాపన్న తిరిగివచ్చి ఈసారి రాతితో, సున్నంతో మరింత దృఢమైన కోటను నిర్మించాడు. ఈ దశలోనే సర్వా, మరొక అనుచరుడు పుర్దిల్ ఖాన్ ద్వంద్వయుద్ధంలో ఒకరి చేతిలో ఒకరు మరణించడంతో పాపన్న ఏకైక నాయకుడయ్యాడు. రుస్తుం దిల్ ఖాన్ రెండవసారి దండెత్తివచ్చినా పెద్దమొత్తంలో ధనం తీసుకొని వెనుదిరిగాడు.

ఓరుగల్లు, భువనగిరి దాడులు

1707లో ఔరంగజేబు మరణించాడు. అతని కుమారుల మధ్య వారసత్వ యుద్ధం మొదలై దక్కనులో అధికారం మరింత బలహీనపడింది. 1708 ఏప్రిల్ 1 ముహర్రం పదవ రోజు. ఆ ముందు రాత్రి ఓరుగల్లు ప్రజలు సంతాప కార్యక్రమాల ఏర్పాట్లలో ఉండగా పాపన్న సేనలు నగరంపై దాడిచేశాయి. రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రపుదళం ఇందులో పాల్గొన్నాయి. నగరాన్ని కొన్ని రోజులపాటు దోచుకొని, సంపన్న కుటుంబాలవారిని బందీలుగా షాపురానికి తరలించారు. బందీలలో నగర ఖాజీ భార్య, కుమార్తె కూడా ఉన్నారు. అదే ఏడాది జూన్ 1న, ముహమ్మదు ప్రవక్త జన్మదినం నాడు, భువనగిరిపై కూడా ఇదే విధంగా దాడి జరిగింది. అక్కడ కూడా అనేకులను, ముఖ్యంగా స్త్రీలను చెరపట్టారు.

ఈ సొమ్ముతో పాపన్న డచ్చి, ఆంగ్లేయ వర్తకుల నుండి 700 జంటగొట్టాల తుపాకులు కొన్నాడు. సంచార వర్తకుల నుండి పట్టుకొన్న పది, పన్నెండు వేల ఎద్దులను అమ్ముకోకుండా పొలాలు దున్నించడానికి వినియోగించాడు. ఇతడు దోపిడీతోనే సరిపెట్టుకోక, భూమిని సాగుచేయించే పాలకునిగా స్థిరపడదలచాడని దీనివలన తెలుస్తుంది.

బహదూర్ షా దర్బారు

1709 జనవరిలో బహదూర్ షా హైదరాబాదు సమీపంలో తన తమ్ముడు కాంబక్షును ఓడించాడు. ఆ సందర్భంలో పాపన్న చక్రవర్తికి 14 లక్షల రూపాయలు కానుకగా ఇచ్చి, సేనకు ధాన్యం మొదలైన వస్తువులు సమకూర్చి, దర్బారులో గౌరవ వస్త్రం పొందాడు. కల్లుగీత కుటుంబంలో పుట్టినవానికి మొగలు చక్రవర్తి ఇటువంటి మర్యాద చేయడం ప్రముఖులకు సహించరాని విషయమైంది. ఓరుగల్లు, భువనగిరి బందీల బంధువుల పక్షాన షా ఇనాయత్ అనే గౌరవనీయుడు చక్రవర్తి వద్ద తీవ్రంగా నిరసన తెలిపాడు. దానితో చక్రవర్తి మనసు మార్చుకొని, పాపన్నను అణచివేయవలసిందిగా హైదరాబాదు సుబేదారు యూసుఫ్ ఖాన్ ను ఆదేశించాడు.

పతనం

1709 మధ్యలో పాపన్న మరొక జమీందారు కోటను ముట్టడిస్తున్న సమయంలో షాపురం ఖైదీలు తిరగబడ్డారు. వారిలో పాపన్న భార్య సోదరుడు ఒకడు. అతడు మొగలు ఫౌజుదారు. పాపన్న భార్యే తన సోదరునికి భోజనంలో ఆకురాళ్ళు దాచి పంపింది. వాటితో సంకెళ్ళు కోసుకొన్న ఖైదీలు కోటను స్వాధీనం చేసుకొన్నారు. తిరిగివచ్చిన పాపన్నపై అతని ఫిరంగులనే పేల్చారు. ఆ వెంటనే మొగలు సేన కూడా రావడంతో పాపన్న తాటికొండకు తగ్గవలసివచ్చింది.

యూసుఫ్ ఖాన్ తాటికొండను నెలల తరబడి ముట్టడించాడు. జమీందారులు తమ బలగాలతో అతనికి తోడయ్యారు. 1710 వసంతంలో, కోట విడిచి వచ్చినవారికి రెట్టింపు జీతం ఇస్తామని ప్రకటించగా పాపన్న అనుచరులు చాలామంది వెళ్ళిపోయారు. మందుగుండు కూడా అయిపోయింది. పాపన్న ఒక ద్వారం వద్ద తన చెప్పులను, హుక్కాను వదిలి, మారువేషంలో మరొక ద్వారం గుండా తప్పించుకొన్నాడు.

మరణం

కాలికి తుపాకీ గుండు దెబ్బ తగిలినప్పటికీ పాపన్న హసనాబాదు అనే గ్రామం వరకు వెళ్ళగలిగాడు. అక్కడ ఒక కల్లు దుకాణం వద్ద ఆగి కల్లు అడిగాడు. కల్లు అమ్మేవాడు ఇతని మాటతీరును బట్టి గుర్తుపట్టి కబురు పంపగా, ఇతడు ఖైదు చేసిన బావమరిదే వచ్చి పట్టుకొన్నాడు. కొద్ది రోజుల తరువాత మొగలు అధికారులు పాపన్నను చంపి, శరీరాన్ని ముక్కలు చేసి, తలను చక్రవర్తి వద్దకు పంపారు. ఊరికి వచ్చే ప్రతి మనిషీ ఏదో ఒక పూట కల్లు మండువాకు వచ్చి కూర్చుంటాడు గనుక, మనుషులను గుర్తుపట్టడం ఆ వృత్తిలో భాగం. ఇతడు వదిలివచ్చిన వృత్తికి చెందినవాడే ఇతనిని గుర్తించాడు.

జానపద గాథలు

పాపన్న కథ తెలంగాణలోను, ఆంధ్రలోను పాటగా నిలిచింది. జె.ఎ. బాయిల్ 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో ఒక పాఠాన్ని ప్రకటించాడు. ఈ గాథలలో పాపన్న, చెట్టెక్కి బ్రతకమని కోరే తల్లికి నచ్చచెప్పి, గోల్కొండ కోట మీదికి పోవడానికి బయలుదేరతాడు. అతని వెంట నడిచినవారిలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకల, యానాది, దూదేకుల కులాలవారు, ముస్లిములు కనిపిస్తారు. కొన్ని కథనాలలో అతడు శత్రువుకు చిక్కక తన ప్రాణం తానే తీసుకొంటాడు.

చరిత్రకారుల అంచనా

జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు 1980లో ప్రచురించిన పరిశోధనా వ్యాసంలో పర్షియన్ కథనాన్ని, జానపద గాథను పక్కపక్కన ఉంచి పరిశీలించారు. రిచర్డ్ ఈటన్ 2005లో వెలువడిన దక్కను సామాజిక చరిత్ర గ్రంథంలో ఒక అధ్యాయాన్ని పాపన్నకు కేటాయించాడు. ఖాఫీ ఖాన్ పాలకుల పక్షాన వ్రాసినవాడు. అంతమాత్రాన బందీల దుఃఖం కల్పితం కాదు. గాథలు దోపిడీకి గురైనవారిని పట్టించుకోవు. అయినా కింది కులాలలో పుట్టిన మనిషి కోట కట్టుకోవడం పల్లె ప్రజలకు ఎంత గొప్ప విషయమో అవి చెబుతాయి. పాపన్న చరిత్రకు ఈ రెండూ అవసరమైన ఆధారాలే.

స్మృతి

ఖిలాషాపురంలో కోట బురుజులు నేటికీ నిలిచి ఉన్నాయి. గీత కార్మికులు పాపన్నను తమ కులపెద్దగా గౌరవిస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2022 నుండి ఆగష్టు 18న పాపన్న జయంతిని అధికారికంగా నిర్వహిస్తోంది.