తిన్నది ఒంటికి పట్టాలంటే... డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

మా జహీరాబాద్ వైపు ఇళ్ళల్లో గర్భిణీ స్త్రీలకు ఆశా కార్యకర్తలు ఎర్ర మాత్రలు ఇచ్చి వెళుతుంటారు. చాలా ఇళ్ళల్లో ఆ మాత్రలు అల్మారాలోనే ఉండిపోతాయి. వేసుకుంటే కడుపులో తిప్పుతుందని కొందరు, మలం నల్లగా వస్తోందని కొందరు, బిడ్డ నల్లగా పుడుతుందేమోనని మరికొందరు వాటిని పక్కన పెట్టేస్తారు. అత్తగారు వద్దంటే కోడలు మారుమాట్లాడదు. అలా పక్కన పెట్టిన మాత్ర వెనుక ఎంత కథ ఉందో మనలో చాలామందికి తెలియదు.

ఆ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంటుంది. దాన్ని మొదటిసారి ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. మేలు చేసిన వారిని మరచిపోకూడదని మన ధర్మం మనకు నేర్పింది. అందుకే ఈ నెల ఆయన జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

రెండు ద్వారాలు

సృష్టికర్త మనిషి దేహానికి రెండు ముఖ్యమైన ద్వారాలు పెట్టాడు. ముక్కు ద్వారా గాలి లోపలికి వెళుతుంది. నోటి ద్వారా అన్నం వెళుతుంది. గాలి శ్వాసనాళం గుండా ఊపిరితిత్తులకు చేరి, అక్కడ ఉన్న కోట్లాది సన్నని గాలి తిత్తులను నింపుతుంది. వాటి పలుచని గోడల గుండా ప్రాణవాయువు రక్తంలో కలుస్తుంది.

నమిలి మింగిన ముద్ద అన్నవాహిక గుండా జీర్ణాశయానికి దిగి, అక్కడ ఆమ్లంతో కలిసి మెత్తబడి, చిన్నప్రేగులోకి జారుతుంది. ఆ ప్రేగు పొడవు దాదాపు 6 మీటర్లు. దాని లోపలి గోడ మఖమల్ గుడ్డలా ఉంటుంది. ఆ గోడ నిండా కంటికి కనపడీ కనపడనంత చిన్న నూగు మొలకలు ఉంటాయి. అన్నంలోని సారాన్ని పీల్చి రక్తానికి అందించేవి అవే.

మనం ధర్మబద్ధంగా సంపాదించిన ముద్దే నోట్లో పెట్టుకోవాలని జాగ్రత్త పడతాము. నోట్లోకి వెళ్ళిన తర్వాత దాని సంగతి మన చేతిలో ఉండదు. ప్రేగు గోడ స్వీకరిస్తేనే ఆ ముద్ద మన సొంతమవుతుంది. అది స్వీకరించకపోతే ఎంత తిన్నా మనిషి ఎండిపోతాడు. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదని పెద్దలు అనేది ఈ స్థితినే. సుబ్బారావు గారి ఇంటిని కూల్చింది సరిగ్గా ఇదే.

చదువు అబ్బని పిల్లవాడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల సంసారం. పదమూడేళ్ళ వయసులో ఆయన ఇల్లు వదలి కాశీకి బయలుదేరారు. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలన్నది ఆయన ఆలోచన. ఇంటివారు వెతికి వెనక్కు తెచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి గట్టెక్కారు. మన పిల్లలు ఒకసారి పరీక్ష తప్పితే చదువు మాన్పించే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

యువకుడిగా ఆయన మనసు సన్యాసం వైపు మళ్ళింది. తల్లి ఒప్పుకోలేదు. ఆయన తల్లి మాట కాదనలేక మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అవి స్వదేశీ ఉద్యమపు రోజులు. శస్త్రచికిత్స తరగతికి ఆయన ఖద్దరు దుస్తులతో వెళ్ళడం ఆంగ్లేయ ఆచార్యునికి కోపం తెప్పించింది. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా మాత్రమే చేతికి వచ్చింది. దానితో ప్రభుత్వ కొలువు దొరకక, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ప్రేగులు, ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో విద్యార్థులకు పాఠం చెప్పడమే అప్పట్లో ఆయన జీవనోపాధి.

ఎనిమిది రోజుల్లో ఇద్దరు

ఆ కాలంలో మన ఉష్ణదేశాల్లో స్ప్రూ అనే జబ్బు ఎందరినో పొట్టనపెట్టుకునేది. అది విడవని విరేచనాలతో మొదలవుతుంది. నాలుక పుండుపడుతుంది. ప్రేగు గోడమీది నూగు మొలకలు అరిగి, గోడ నున్నబడుతుంది. తిన్న ఆహారం సారం వదలకుండానే బయటికి పోతుంది. కొన్నాళ్ళకు రక్తం తగ్గిపోతుంది. ప్రాణవాయువును మోసేది రక్తంలోని ఎర్ర కణాలే కాబట్టి, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా రోగి నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. జబ్బు ప్రేగుల్లో ఉంటే శ్వాస కూడా కుంటుబడుతుందన్న మాట.

సుబ్బారావు సోదరులు ఇద్దరు ఈ జబ్బుతోనే ఎనిమిది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆయనకూ ఆ జబ్బు సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన బ్రతికి బయటపడ్డారు. ప్రేగుల నిర్మాణమంతా చదివిన వైద్యుడు, తన తోబుట్టువుల ప్రేగుల్లో ఏం జరుగుతోందో చెప్పలేకపోయాడు, మందు ఇవ్వలేకపోయాడు. ఆ బాధే ఆయనను సముద్రాలు దాటించింది.

1919లో ఆయనకు శేషగిరి గారితో వివాహం జరిగింది. మామగారి సాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతోను అమెరికా ప్రయాణమయ్యారు. 1923 అక్టోబరులో బోస్టన్ చేరారు.

ఊపిరీ ముద్దా కలిసే చోటు

బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో ఉష్ణదేశపు వ్యాధుల గురించి చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని. మద్రాసులో పాఠాలు చెప్పిన మనిషి ఆ పని చేయడానికి సిగ్గుపడలేదు. కష్టపడి తినే రొట్టెలో అవమానం లేదు.

చదువు ముగిశాక సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పరిశోధనకు కుదిరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలోను మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. అది నేటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే పుస్తకాల్లో ఉంది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని చూపించారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు.

ఈ ఏ.టి.పి. ఏమిటో తెలిస్తే సృష్టికర్త ఏర్పాటు చూసి ఆశ్చర్యం కలుగుతుంది. ముక్కు నుండి వచ్చిన ప్రాణవాయువు, నోటి నుండి వచ్చిన ఆహారసారం రక్తంలో ప్రయాణించి ఒక్కొక్క జీవకణంలో కలుసుకుంటాయి. ప్రాణవాయువు సాయంతో ఆహారం నెమ్మదిగా దహనమై, ఆ శక్తి ఏ.టి.పి. రూపంలో నిలవ ఉంటుంది. గుండె కొట్టుకోవడానికీ, కన్ను తెరవడానికీ, నమాజులో సజ్దా నుండి లేవడానికీ ఆ శక్తే ఖర్చవుతుంది. మనిషి ఒక్క రోజులో సుమారు తన బరువంత ఏ.టి.పి.ని తయారుచేసుకుంటూ, ఖర్చు చేస్తూ ఉంటాడు. ఊపిరి ఒక దారి, ముద్ద ఒక దారి అనుకుంటాము. ఆ రెండు దారులూ చేరే చోటును చూపించిన వారిలో భీమవరం మనిషి ఒకరు.

1930లో ఆయన పీహెచ్.డీ. పొందారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థలో చేరి, కొద్దికాలానికే అక్కడి పరిశోధనలకు అధిపతి అయ్యారు.

బొంబాయి ముస్లిం స్త్రీలు

ఇక్కడ మన ఇళ్ళకు దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. 1928 తర్వాతి సంవత్సరాల్లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. ఆ జబ్బు అందరికంటే ఎక్కువగా పేద ముస్లిం స్త్రీలలో కనిపించింది. కారణం వారి తిండిలోనే ఉందని ఆమె గుర్తించారు. ఈస్టు నుండి తీసిన సారం ఇస్తే వారు కోలుకున్నారు. ఆ సారంలో పనిచేసే పదార్థం ఏమిటో మాత్రం అప్పట్లో తేలలేదు.

తర్వాత అదే పదార్థం ఆకుకూరల్లోను, కాలేయంలోను ఉన్నట్లు వేర్వేరు చోట్ల శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుండి 1941లో దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు వచ్చింది. ఆకుల నుండి, కాలేయం నుండి తీస్తే అది చిటికెడైనా దక్కదు. 1945లో సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. వెంటనే వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పుండ్లు మానాయి, రక్తం పట్టింది, ఆకలి తిరిగి వచ్చింది.

దీని కారణం కూడా తెలుసుకుందాము. ప్రేగు లోపలి పొర కొద్ది రోజులకొకసారి పాతది రాలి కొత్తది పుడుతూ ఉంటుంది. ఎర్ర రక్తకణాలూ నిత్యం పుడుతూ ఉంటాయి. ఇలా వేగంగా పుట్టే కణాలకు ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. అది తగ్గితే ప్రేగు పొర పలచబడుతుంది. పొర పలచబడితే ఆహారంలోని ఫోలిక్ యాసిడ్ కూడా లోపలికి రాదు. గానుగెద్దులా తిరిగే ఈ చక్రాన్ని ఆ మందు ఆపింది.

అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనుగొన్నారు. అది 1948లో లోకానికి తెలిసింది. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. ఉష్ణదేశపు స్ప్రూకు నేడు వైద్యులు ఇచ్చేవి ముఖ్యంగా రెండు: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. సోదరుల ప్రాణం తీసిన జబ్బుకు విరుగుడుగా నిలిచిన రెండింటి మూలమూ సుబ్బారావు పర్యవేక్షించిన ప్రయోగశాలల్లోనే ఉంది.

బోదకాలు నివారణకు మన తెలంగాణ జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడి నుండి వచ్చిందే. ఫోలిక్ యాసిడ్‌కు వ్యతిరేకంగా పనిచేసే అమినోప్టెరిన్ అనే మందును వారు తయారుచేసి ఇవ్వగా, 1948లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు దానితో రక్తక్యాన్సర్ పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం కలిగించగలిగారు. నేటి క్యాన్సర్ మందుల చరిత్రలో అది ఒక తొలి మెట్టు.

పేరు కోరని మనిషి

1948 ఆగస్టులో ఒక రాత్రి పడుకున్న సుబ్బారావు మళ్ళీ లేవలేదు. నిద్రలోనే గుండె ఆగింది. వయసు 53 ఏళ్ళు. పరిశోధన పత్రాల్లో తోటివారి పేర్లు ముందుంచి తాను వెనుక నిలవడం ఆయనకు అలవాటు. అందుకే ఆయన చనిపోయిన తర్వాత కూడా చాలాకాలం స్వదేశంలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ. 1995లో, శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ళ విడుదల చేసింది.

ఒక మాట మాత్రం దాటవేయకూడదు. 1923లో వెళ్ళిన ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. భార్యకు భర్తపై ఉన్న హక్కు ఎంత పెద్దదో మనకు తెలుసు. ఆ హక్కు తీరలేదు. లోకానికి అందిన ఈ మేలులో ఆ ఇల్లాలి పాతికేళ్ళ ఒంటరితనం కూడా కలిసి ఉంది. ఆయనను తలచుకున్నప్పుడు ఆమెనూ తలచుకోవడం న్యాయం.

మనం చేయవలసింది

ఇప్పుడు మళ్ళీ మన అల్మారాలోని ఎర్ర మాత్ర దగ్గరకు వద్దాము. మలం నల్లబడడం ఒంటికి పట్టకుండా మిగిలిన ఇనుము వల్ల జరుగుతుంది. అందులో భయపడవలసింది లేదు. బిడ్డ రంగుకూ మాత్రకూ సంబంధమే లేదు. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోవచ్చు. అయితే మన ఇళ్ళల్లో ప్రతిదానికీ చాయ్ అలవాటు. చాయ్‌తో మాత్ర వేసుకుంటే ఇనుము సరిగా ఒంటికి పట్టదు. మాత్రకూ చాయ్‌కీ మధ్య ఒకటి రెండు గంటలు ఎడం ఉండాలి.

గర్భంలో బిడ్డ వెన్నెముక, మెదడు రూపుదిద్దుకునేది మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందువల్ల బిడ్డను కోరుకునే కొత్త దంపతులు ముందుగానే వైద్యులను అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం మంచిది. పాలకూర, బచ్చలి, శనగలు, పప్పులు వంటింట్లో ఉండనే ఉంటాయి. ఆకుకూరను గంటల తరబడి ఉడికిస్తే అందులోని ఈ విటమిన్ చాలావరకు నశిస్తుంది.

ఇంట్లో ఎవరైనా తింటున్నా చిక్కిపోతుంటే, విరేచనాలు వారాల తరబడి తగ్గకపోతే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే దిష్టి తగిలిందని ఊరుకోకండి. ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దుఆ చేయండి, మందూ వాడండి. చికిత్స చేయించుకోవడం దైవంపై నమ్మకానికి విరుద్ధం కాదు.

ఇద్దరు సోదరులను పోగొట్టుకున్న ఒక మనిషి, ఆ దుఃఖంలో కుమిలిపోకుండా ఇతరుల తోబుట్టువులను కాపాడే మందు వెతికాడు. అది నేడు ఉచితంగా మన గుమ్మం దాకా వస్తోంది. దాన్ని అల్మారాలో పడేసి బిడ్డను ప్రమాదంలోకి నెట్టడం కృతఘ్నత అవుతుంది. అల్లాహ్ మనకిచ్చిన ఊపిరికీ, ముద్దకూ కృతజ్ఞులయ్యే భాగ్యాన్ని, మన తల్లులకూ బిడ్డలకూ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.