చేతివేళ్లతో విన్న హెలెన్ కెల్లర్

డప్పు పక్కన నిలబడితే దరువు మన ఛాతీలో అదురుతుంది. మంద్రధ్వనులను చెవి తక్కువగా పడుతుంది. 20 హెర్ట్జ్‌ల దిగువన దాదాపు వినిపించవు. కానీ గట్టిగా మోగితే ఆ ప్రకంపనలు ఒంటికి, చర్మానికి తెలుస్తాయి.

ఆ స్పర్శతోనే సంగీతం విన్నవారు హెలెన్ కెల్లర్. 1880లో అమెరికాలోని అలబామాలో పుట్టారు. 19 నెలల వయసులో జబ్బుచేసి చూపు, వినికిడి రెండూ పోయాయి. 1887లో వచ్చిన టీచర్ యాన్ సలివన్ అరచేతిలో వేళ్లతో అక్షరాలు నేర్పారు. కాలేజీ పాఠాలూ అలాగే చేతిలోకి చేరవేశారు. 1904లో హెలెన్ బి.ఏ. పాసయ్యారు. 1924లో రేడియోలో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ వస్తుంటే, అదిరే పలుచని రేకుపై వేళ్లు ఆనించి డ్రమ్ముల మోతను, వయొలిన్లను గుర్తుపట్టారు. 1968లో కన్నుమూశారు.

ఇంట్లో మొదటి డిగ్రీ మాదే అయిన మాకు, పాఠం అందని రోజున ఆ అరచేయి గుర్తొస్తుంది. తమ్ముళ్లారా, అర్థంకానిది అడగండి. చెప్పడానికి మేమున్నాం.